దాపటి గిత్త

మా నాన్న నోట కుడి, ఎడమ అన్న మాటలు నేనెప్పుడూ వినలేదు. ఆయనకు తెలిసినవి ఎలపట, దాపట. కాడికి కుడి పక్కన కట్టే ఎద్దు ఎలపట, ఎడమ పక్కన కట్టేది దాపట. మిగతా రైతులకు ఆ మాటలు చేను దగ్గర మొదలై కొట్టం దగ్గర ఆగిపోతాయి. మా నాన్న వాటిని ఇంట్లోకీ తెచ్చాడు, బజార్లోకీ తెచ్చాడు, ఆఖరికి గుంటూరు ఆస్పత్రిలోకీ తీసుకెళ్లాడు. "దాపటి డొక్కలో పోటండీ" అని ఆయన అంటే, ఆ కుర్ర డాక్టరు కంప్యూటర్లోంచి తలెత్తి నా మొహం చూశాడు. "లెఫ్ట్ సైడండీ" అన్నాను నేను. అంతే, నాన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. "దాపట అంటే తెలీనోడు నా డొక్కేం చూస్తాడే?" అని తిరుగు దారంతా సణుగుతూనే ఉన్నాడు.

కారులో వచ్చి దారి అడిగినవాళ్లకూ అదే మర్యాద. "ఆ తుమ్మచెట్టు దగ్గర దాపటికి తిరిగి, కాలవ దాటి ఎలపటికి పో" అనేవాడు. వాళ్లు ఆయనకు దణ్ణం పెట్టి, కాస్త ముందుకెళ్లి ఫోన్లో చూసుకునేవాళ్లు. ఇప్పుడు అరక తోలే కుర్రాళ్లే లెఫ్ట్ ఎద్దు, రైట్ ఎద్దు అంటున్నారు. ఆయన పోయి బతికిపోయాడు.

నా పేరు రాజ్యం. నన్ను ప్రత్తిపాడులో ఇచ్చారు. ఆటో ఎక్కితే పుట్టింటికి ఇట్టే పోవచ్చు, అందుకే ఆ ఇంటి తగాదాలన్నీ నా నెత్తికే చుట్టుకున్నాయి. పెద్దాడు పానకాలు, నాకు అన్నయ్య. చిన్నాడు ఆదెయ్య, తమ్ముడు. ఇద్దరి మధ్యా నేను. నాకు నోరెక్కువని మా అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. పెద్దావిడ మాట వమ్ము చెయ్యడం ఎందుకని నేనూ ఆ నోరు అలాగే ఉంచుకున్నాను.

నాన్న కొడుకులను పిలిచేదీ ఆ మాటలతోనే. అన్నయ్య ఎలపటోడు, తమ్ముడు దాపటోడు. కంచాల ముందు కూర్చున్నా అన్నయ్య ఆయనకు కుడి పక్కన, తమ్ముడు ఎడమ పక్కన. బండలాగుడు పోటీలకు గిత్తలను తోలుకెళితే ఎలపటి గిత్త పక్కన అన్నయ్య పరిగెత్తాలి, దాపటి గిత్త పక్కన తమ్ముడు. ఓసారి తమ్ముడు సరదాపడి, "నాన్నా, ఈసారి నేనటు పోతా" అన్నాడు. "పక్కలు మారితే జత చెడుద్దిరా" అన్నాడు నాన్న. ఆ మాట ఎద్దుల గురించి అన్నాడో, కొడుకుల గురించి అన్నాడో ఆయనకే తెలియాలి. ఊరు మాత్రం తమ్ముడికి దాపటోడన్న పేరు ఖాయం చేసేసింది. పిల్లల తండ్రయ్యాక కూడా టీ కొట్టు దగ్గర "దాపటోడొచ్చాడ్రా, జరగండి" అనేవాళ్లు. వాడు నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని మేమూ ఊరుకున్నాం.

నాన్న చివరిగా పెంచినవి రెండు ఒంగోలు గిత్తలు. దూడలప్పటి నుంచీ ఒకే గాటిన మేశాయి. ఊళ్లో వాళ్లు గిత్తలకు దేవుళ్ల పేర్లూ, హీరోల పేర్లూ పెట్టుకుంటుంటే, మా నాన్న వీటికి ఏ పేరూ పెట్టలేదు. ఒకటి ఎలపట, ఒకటి దాపట. కాడి ఎత్తి పట్టుకుని "ఎలపటా" అంటే ఒకటి నడిచొచ్చి కుడి పక్కన మెడ వంచేది. "దాపటా" అంటే రెండోది వచ్చి ఎడమ పక్కన వంచేది. ముకుతాడు పట్టుకుని లాగాల్సిన పనే లేదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు.

ఒక పక్కకు అలవాటు పడిన ఎద్దు రెండో పక్కన నిలబడదు. బలవంతాన కట్టినా, పక్కనున్న ఎద్దును తోసుకుంటూ తన చోటికే పోవాలని చూస్తుంది. మా వైపు పసిపిల్లాణ్ణడిగినా ఈ సంగతి చెబుతాడు. ట్రాక్టర్లు వచ్చాక ఇంకా ఎద్దులెందుకు అనకండి. మిరపతోట గుబురెక్కాక సాళ్ల మధ్యకు ట్రాక్టరు పోదు. గొర్రు తోలాలంటే ఎద్దుల జత ఉండాల్సిందే.

నాన్న పోయాక కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత బోరు నీళ్ల దగ్గర మాట తూలింది. మిరపకు నీళ్లు పెట్టే వంతు ఎప్పుడూ ముందు అన్నయ్యది, తర్వాత తమ్ముడిది. ఆ ఏడు కరెంటు సరిగా లేక తమ్ముడి చేను వాడిపోయింది. "ఎప్పుడూ ముందు నువ్వే, వెనక నేనే. నేను పుట్టిందే నీ వెనకాల తిరగడానికా?" అన్నాడు తమ్ముడు. "పెద్దోణ్ణి నేను. ఆ మాత్రం తెలీదా?" అన్నాడు అన్నయ్య. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. ఎండాకాలంలో పెద్దమనుషులను కూర్చోబెట్టి పంపకాలు పెట్టుకున్నారు.

పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు. గిత్తల దగ్గరకు వచ్చేసరికి పెద్దమనుషులు కూడా ఆగిపోయారు.

"ఒరేయ్, జత విడదియ్యకండిరా," అన్నాను నేను. "ఆర్నెల్లు అన్నయ్య కొట్టంలో ఉంచండి, ఆర్నెల్లు తమ్ముడి కొట్టంలో ఉంచండి. ఎవరి పనికైనా జతే పోద్ది."

"రెండూ వాణ్ణే తోలుకుపొమ్మను. నేనడగను," అన్నాడు అన్నయ్య, చుట్టం చూపుగా వచ్చినవాడిలా పక్కకు చూస్తూ.

"నాకొకళ్ల దానం అక్కర్లా. నా దాపట నాకిస్తే చాలు," అన్నాడు తమ్ముడు.

"అయితే నా ఎలపట నాకు చాలు."

అయిపోయింది. తిరగలి రాళ్లు చెరొకటి పంచుకున్నట్టు పంచుకున్నారు మహానుభావులు. పై రాయి పెట్టుకుని ఒకడు, కింది రాయి పెట్టుకుని ఒకడు ఏం విసురుకుంటారో నాకైతే అర్థం కాలేదు. ఆ సాయంత్రం చెరొక గిత్తనూ పట్టుకుని చెరొక వీధికి పోయారు. గిత్తలు రెండూ వెనక్కి తిరిగి అరుస్తూనే ఉన్నాయి. ఆటోలో ఏడుస్తూ కూర్చుంటే డ్రైవరు ఎవరో పోయారనుకున్నాడు.

అన్నయ్య తన ఎలపటను ఊరికే మేపుతూ, చేలోకి అద్దె అరక పిలిపించుకున్నాడు. ఇంకో గిత్తను కొని దాని పక్కన కట్టడానికి మనసొప్పలేదని వదిన చెప్పింది. తమ్ముడు ఊరుకోలేదు. శ్రావణమాసంలో పశువుల బేరగాడు అలీ సాహెబ్‌ను వెంటబెట్టుకుని సంతలన్నీ తిరిగాడు. ఒకరోజు ఆ అలీ సాహెబే ప్రత్తిపాడులో మా గుమ్మం ముందు మోటారు సైకిలు ఆపాడు.

"అమ్మా, మీ తమ్ముడు గిత్తను కొన్నాడు. మంచిదే. కానీ అది కూడా దాపటే," అన్నాడు.

"అదేంటి సాహెబూ! ఎలపటిది దొరకలేదా?"

"దొరక్కేం? రెండు చూపించా. వద్దన్నాడు. దాపటిదే కావాలన్నాడు. బేరగాణ్ణి, నేనెంతవరకు చెప్పగలను? మీరొకసారి పోయి రండమ్మా."

పొయ్యి మీద కూర పక్కింటావిడకు అప్పజెప్పి ఆటో ఎక్కాను. తమ్ముడు కొత్త గిత్తకు స్నానం చేయిస్తున్నాడు. పాతది గాటి దగ్గర నిలబడి ఉంది.

"ఒరేయ్ ఆదెయ్యా, బుద్ధుందా నీకు? రెండు దాపటలు పెట్టుకుని ఏం చేసుకుంటావురా? పచ్చడా?"

"కొత్తది దాపట కడతా. మనదాన్ని ఎలపట చేస్తా," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎందుకురా? ఎలపటకు అలవాటైన గిత్తను కొంటే పోయేదానికి!"

వాడు చేతిలో చెంబు కింద పెట్టాడు. "ఎన్నాళ్లక్కా దాపట? నాన్న ఉన్నన్నాళ్లూ దాపటోణ్ణే. ఆయన పోయినా దాపటోణ్ణే. నీళ్లకు దాపట, నిప్పుకు దాపట. నా గిత్త ఎలపటగా నిలబడి శివరాత్రి పోటీల్లో బండ లాగాలి. ఊరు చూడాలి. ఆయనా చూడాలి." ఆయన అంటే అన్నయ్య. పంపకాలైనప్పటి నుంచీ వాడి నోట అన్నా అన్న పిలుపు పోయింది.

"నీ ఉక్రోషం ఎద్దుకేం తెలుసురా నాయనా?" అన్నాను.

"నేర్పితే అదే తెలుసుకుంటది," అన్నాడు.

ఎలా నేర్పాడో మా మరదలు మాధురి ఫోన్లో చెప్పింది. కాడి ఎత్తి "ఎలపటా" అని పిలిచేవాడట. తనను కాదనుకుని గిత్త కదిలేది కాదు. కాసేపటికి కాడి ఎత్తే ఉంది కదా అని, ఎన్నేళ్లుగానో వచ్చినట్టే ఎడమ పక్కకు వచ్చి మెడ వంచేది. వంచగానే ములుగర్రతో కొట్టేవాడు. ఈడ్చుకెళ్లి కుడి పక్కన కట్టేవాడు. అది కొత్త గిత్తను తోసుకుంటూ మళ్లీ ఎడమకే జరిగేది. జరిగితే మళ్లీ దెబ్బ. ఎడమకు వస్తే దెబ్బ, ఎడమకు చూస్తే దెబ్బ.

"వదినా, మీరొచ్చి ఆయన్ను ఆపండి," అని ఏడ్చింది మాధురి. "మేత పెట్టినా ముట్టట్లేదు. దాని ఎడమ చెంప వాచిపోయింది. పిల్లలు కొట్టం వైపు పోవడం మానేశారు."

నేను తమ్ముడి దగ్గరకు పోలేదు, అన్నయ్య దగ్గరకు పోయాను. మందు అక్కడుందని నాకు తెలుసు.

"అన్నయ్యా, నీ గిత్తను వాడి కొట్టానికి పంపించు. జత కలిస్తే వాడు కొట్టడం మానేస్తాడు. నోరులేని జీవాన్ని చంపుకుతింటున్నాడు," అన్నాను.

అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను. తీరా నోరు తెరిచి ఏమన్నాడంటే, "వాణ్ణి వచ్చి అడగమను."

"నేనడుగుతున్నా కదా? నేను మాత్రం ఆ ఇంట్లో పుట్టలేదా?"

"అడగాల్సింది వాడు. ఒక్కసారి గుమ్మంలోకొచ్చి అన్నా అనమను. నేనే తోలుకుపోయి కట్టొస్తా."

తమ్ముడి దగ్గరకు పరిగెత్తాను. "ఆయన్నే తోలుకురమ్మను. వద్దన్నానా?" అన్నాడు వాడు. ఇద్దరూ ఇద్దరే. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టుందిరా మీ వరస! దాని ఒంటి మీద దెబ్బ ఇద్దరిదీ," అని వీధిలో నిలబడి అరిచాను. జనం పోగయ్యారు. తమ్ముడు తలుపేసుకున్నాడు. నేను ఎండలో నడిచి ఆటో ఎక్కాను.

మిరప పూతకొచ్చింది, కాయ పండింది, కోతలు మొదలయ్యాయి. కోతల్లో ఉండగా ఒకరోజు తమ్ముడి ఫోను. గొంతులో సంబరం. "అక్కా! తిరిగింది! పిలిస్తే ఎలపటకే వస్తోంది!"

"సంతోషం," అని పెట్టేశాను. నాకు సంతోషమేమీ కలగలేదు.

శివరాత్రి పోటీలకు నేనూ వెళ్లాను. ఎండలో జనం, మైకు హోరు. తమ్ముడు కొత్త తలపాగా చుట్టుకుని, జీవితంలో మొదటిసారి జతకు కుడి పక్కన నిలబడ్డాడు. వాడి మొహం చూస్తే, అంత కోపంలోనూ గెలవాలనే కోరుకున్నాను. విజిల్ వేశారు. కొత్త గిత్త ముందుకు ఉరికింది. మన గిత్త అడుగు వేసింది కానీ, ఆ అడుగులో ఊపు లేదు. తల కిందికి వేలాడేసి, ఎడమకు జరక్కుండా చూసుకోవడంలోనే దాని బలమంతా పోతోంది. "రైట్ సైడు గిత్త లాగట్లేదండీ, రైట్ సైడు గిత్తకు మనసు లేదండీ" అని మైకులో అరిచాడు వ్యాఖ్యాత. జనం నవ్వారు. బండ కొంత దూరం జరిగి ఆగిపోయింది. ఎంత అదిలించినా మళ్లీ కదల్లేదు.

ట్రాక్టర్ల వెనక తువ్వాలు నెత్తికేసుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. దగ్గరకెళితే మా అన్నయ్య.

"దొంగలా దాక్కున్నావేంటి?" అన్నాను.

"దాని చెంప చూశావా రాజ్యం?" అన్నాడు. "మైకోడు దాన్ని వెక్కిరించాడు. నాన్న ఉంటే మైకు పీకేసేవాడు."

"నాన్న ఉంటే ముందు మీ ఇద్దరి వీపులూ పగలగొట్టేవాడు."

"నిజమే," అన్నాడు. ఆయన నా మాటకు అడ్డు చెప్పకపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. "వాడు అడగక్కర్లేదు. నేనే తోలుకొస్తా. ఆదివారం పొద్దున నువ్వూ రా."

ఆదివారం నేను తెల్లారేసరికే దిగాను. తమ్ముడికి ముందే చెబితే ఏం మెలిక పెడతాడోనని చెప్పలేదు. మాధురి కల్లాపి చల్లుతుండగా వీధి మలుపులో అన్నయ్య కనిపించాడు. గిత్తను కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడలో మువ్వల పట్టీ కట్టి తీసుకొస్తున్నాడు. తమ్ముడు పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చి, అలాగే నిలబడిపోయాడు.

"కాడి తియ్యరా," అన్నాడు అన్నయ్య. వేరే మాటేమీ లేదు. క్షమాపణా లేదు, సంజాయిషీ లేదు. మా ఇంట్లో మగాళ్లకు అవి రావు.

తమ్ముడు పుల్ల పారేసి కొట్టంలోకి పరిగెత్తాడు. చూరుకు వేలాడుతున్న నాన్న కాడి దించాడు, దుమ్ము తుడిచాడు. కొత్తదాన్ని గాటి దగ్గరే ఉంచి, తన పాత గిత్తను విప్పి వదిలాడు. గిత్తలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. దగ్గరకొచ్చి మెడలు వాసన చూసుకున్నాయి, ఒకదాని చెవి ఒకటి నాకింది. మాధురి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఈ కొంపకు మంచి రోజొచ్చింది తల్లీ అనుకున్నాను.

అన్నదమ్ములిద్దరూ కాడికి చెరో కొసా పట్టుకుని ఎత్తారు. "ఎలపటా" అన్నాడు అన్నయ్య. ఆయన గిత్త నడిచొచ్చి కుడి పక్కన మెడ వంచింది.

తమ్ముడి గిత్త కూడా వచ్చింది. వచ్చి, కుడి పక్కనే దాన్ని ఒరుసుకుంటూ నిలబడి మెడ వంచింది.

"నువ్వు కాదురా నాయనా, నువ్వటు," అన్నాడు అన్నయ్య నవ్వుతూ. "దాపటా! దాపటా!"

అది కదల్లేదు. చెవి కూడా తిప్పలేదు. అన్నయ్య కాడి దించి, ముకుతాడు పట్టుకుని నెమ్మదిగా దాన్ని ఎడమ పక్కకు నడిపించాడు. నాలుగడుగులు వేసిందో లేదో ఒళ్లంతా వణకడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుంది. ఎడమ చెంప మీద దెబ్బ పడుతుందని మొహం పక్కకు తిప్పుకుని, నిలబడినచోటే పేడ వేసింది. అన్నయ్య ముకుతాడు వదలగానే గబగబా వెనక్కి వచ్చి, కుడి పక్కన రెండో గిత్తను ఆనుకుని నిలబడింది. అక్కడ నిలబడితే ఎవరూ కొట్టరని దానికి తెలుసు.

అన్నయ్య మొహంలో నవ్వు పోయింది. దాని చెంప మీద చెయ్యి వేశాడు. అది ఆ చేతికి కూడా ఉలిక్కిపడింది.

"నేనే అన్నా," అన్నాడు తమ్ముడు. పంపకాలయ్యాక మొదటిసారి వచ్చిందా పిలుపు. "అటు పోయినప్పుడల్లా కొట్టాను. పూర్తిగా మర్చిపోయేదాకా కొట్టాను."

వాణ్ణి నాలుగు తిడదామని నోరు తెరిచాను. వాడు చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకుంటుంటే ఏం తిడతాను? అన్నయ్య రెండు గిత్తల మధ్యా కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి కాడి ఎత్తాడు.

"పోనీలేరా," అన్నాడు. "నీదాన్ని ఎలపటే ఉంచు. నాది దాపట కడదాం."

ఈ మాట కోసమే కదా వాడు ఇంత చేసింది! పెద్దాడు తనంతట తాను జరిగి చోటిచ్చాడు, అదీ వాడి వాకిట్లో నిలబడి. తమ్ముడు కాడి రెండో కొస అందుకున్నాడు. వాడి చూపు అన్నయ్య గిత్త మీద పడింది. అది కుడి పక్కన, తనకు తెలిసిన చోట, మెడ వంచి ఎదురుచూస్తోంది.

తమ్ముడు కాడి కింద పెట్టేశాడు.

"వద్దన్నా," అన్నాడు. "దాన్ని కూడా కొట్టాల్సొస్తది."